ఎండలో చెట్టు ఏం చేస్తుంది, కిడ్నీ ఏం చేస్తుంది?

మార్చి నెలాఖరు రోజులు. మంగంపేట దగ్గర ముగ్గురాయి మిల్లులో బస్తాలు ఎత్తే పనికి వెళ్లే ఒక సోదరుడు మా ఆసుపత్రిలో మగవాళ్ల వార్డులో చేరాడు. తన సంగతి పత్రికలో రాయమని ఆయనే చెప్పాడు గాని, పేరు మాత్రం మేమే రాయడం లేదు. రెండు రోజులుగా ఒంటేలు సరిగా రాలేదు. వాంతులు, ముఖంలో కాస్త వాపు. మంచం పక్కన స్టూలు మీద ఆయన కూతురు పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం తెరిచి కూర్చుంది. ఆ పరీక్షకు ఇంకా ఐదు రోజులుంది. సెలైన్ సీసా మార్చడానికి వెళ్లిన మా సిస్టరును ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగింది.

"సిస్టర్, చెట్లకు కిడ్నీలు లేవు గదా. మా నాయన తట్టుకోలేని ఎండను మా చేన్లో చెనిక్కాయ చెట్టు ఎట్ల తట్టుకుంటాది?"

సిస్టరు నవ్వి, డాక్టరుగారిని అడగమంది. సాయంత్రం రౌండ్సుకు వచ్చిన డాక్టరుగారు పుస్తకం తీసుకుని తిరగేశారు. "విసర్జన పాఠం ఇక్కడుంది, మొక్కల హార్మోన్ల పాఠం అక్కడుంది. రెండూ ఎవరికి వారు బట్టీ పడతారు గాని, కలిపి చదవరు. నువ్వు కలిపినావు, మంచిది" అన్నారు. మరి జవాబు? అది మంచం పక్కన రెండు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఈ నెల పత్రికలో రాస్తున్నాము. ఆ పిల్లకే కాదు, ఎండలో పనికి వెళ్లే ప్రతి ఇంటికీ ఈ జవాబు కావాలి.

చేనులో మధ్యాహ్నం

ఎండ నడినెత్తికి వచ్చాక కోడూరు దారిలో ఏదైనా అరటితోట పక్కన ఒక నిమిషం నిలబడి చూడండి. పొద్దున బల్లపరుపుగా విచ్చుకున్న ఆకు, నడిమి ఈనెకు రెండు వైపులా కిందికి వాలి గుడారంలా ముడుచుకొని ఉంటుంది. బెట్ట తగిలిన చెనిక్కాయ చేనులో కూడా ఆకులు ఒకదానికొకటి దగ్గరగా మూసుకుంటాయి. చూసేవారికి అది నీరసంగా కనబడుతుంది. నిజానికి అందులో జాగ్రత్త కూడా ఉంది.

మొక్క వేళ్లతో పీల్చుకునే నీటిలో నూటికి 95 వంతులకు పైగా తన ఒంట్లో నిలుపుకోదు, ఆకుల గుండా ఆవిరిగా వదిలేస్తుంది. ఆ ఆవిరి పోయే దారులే పత్రరంధ్రాలు. అవి కంటికి కనబడనంత చిన్నవి. ఒక్కొక్క రంధ్రానికి అటొకటి ఇటొకటి, చిక్కుడు గింజల్లాంటి రెండు కణాలు కాపలా ఉంటాయి. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, వాడిపోతే మూసుకుంటుంది. తెరిచి ఉన్నప్పుడే గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి వస్తుంది, ఆకు తన ఆహారం తయారు చేసుకుంటుంది. అంటే తిండికీ నీటి ఖర్చుకూ తలుపు ఒకటే. ఒకటి కావాలంటే రెండోది పోగొట్టుకోవాలి.

నేల ఆరిపోయే కొద్దీ మొక్క వేళ్లలోనూ ఆకుల్లోనూ అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది కాపలా కణాలను చేరగానే వాటిలోని పొటాషియం బయటికి పోతుంది. పొటాషియం వెంట నీరు కూడా పోతుంది. కణాలు వాడి, తలుపు మూసుకుంటుంది. నిమిషాల్లో జరిగిపోయే పని ఇది. (పొటాషియం అనే మాటను గుర్తుంచుకోండి, కిడ్నీ జబ్బు ఉన్నవారి కోసం దాన్ని మళ్లీ ఎత్తుతాము.)

ఈ హార్మోను దొరికిన కథ పత్తి పండించే కర్నూలు రైతులకు నచ్చుతుంది. 1960ల మొదట్లో అమెరికాలో ఫ్రెడరిక్ ఆడికాట్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు పత్తిచెట్టు లేతకాయలు ఎందుకు రాలిపోతున్నాయని వెదుకుతూ దీన్ని పట్టుకున్నారు. రాలిపోవడాన్ని సూచించే మాటతోనే దానికి పేరు పెట్టారు. తరువాత తేలిందేమంటే, ఆకూ కాయా రాలడంలో పెద్ద పాత్ర ఇథిలీన్ అనే మరో హార్మోనుది. అబ్సిసిక్ ఆమ్లానికి ముఖ్యమైన పని బెట్టలో నీటికి కాపలా కాయడం, విత్తనాన్ని అదను వచ్చేదాకా నిద్రలో ఉంచడం. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది. ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు కూడా పరీక్షకు చదవవలసిందే గాని, మన సంగతికి ఈ ఒక్కటి చాలు. ఇథిలీన్ దగ్గరికి మాత్రం మామిడిపండ్ల కోసం మళ్లీ రావాలి.

తలుపు మూసుకోవడం ఉచితంగా వచ్చేది కాదు. ఒక పూట మూస్తే చెట్టుకు ఏమీ కాదు, సాయంత్రానికి తేరుకుంటుంది. వారాల తరబడి మూసి ఉంచవలసి వస్తే ఆహారం తయారీ పడిపోతుంది. చెనిక్కాయకు ఊడలు దిగే వేళలో బెట్ట వస్తే గట్టిపడిన నేలలోకి ఊడ దిగదు, దిగినా గింజ పట్టదు. చేను పచ్చగానే కనబడుతుంది. పీకి చూస్తే కాయలుండవు. ఈ సంగతి మా కంటె మీకే బాగా తెలుసు.

ఆ పిల్ల ప్రశ్నకు సగం జవాబు ఇది. చెనిక్కాయ చెట్టు ఎండను ఊరికే తట్టుకోవడం లేదు. పంటలో కొంత వదులుకొని ప్రాణం కాపాడుకుంటోంది.

నడుముకు పైన, వీపు వైపు

మన కిడ్నీలు రెండు. ఒక్కొక్కటి పిడికిలి అంత, బరువు సుమారు 150 గ్రాములు. ఒక్కొక్క దానిలో దాదాపు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. వాటినే నెఫ్రాన్లు అంటారు. రోజు మొత్తంలో ఈ రెండు కిడ్నీలు కలిసి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలో నుండి వడగడతాయి. పెద్ద నీళ్ల డ్రమ్ము నిండేంత. కాని మనం పోసే ఒంటేలు రోజుకు లీటరున్నర, కాస్త అటూ ఇటూ. తక్కినదంతా మళ్లీ రక్తంలోకే చేరుతుంది. కిడ్నీ పని చెడును పారబోయడమే అనుకుంటాము గాని, దాని కష్టంలో ఎక్కువ భాగం మంచిని వెనక్కు తెచ్చుకోవడమే.

ఇక్కడ బైబిలు చదివేవారికి ఒక చిన్న మాట. లేవీయకాండములో బలుల గురించి చదివేటప్పుడు వచ్చే "మూత్రగ్రంథులు" ఇవే. హెబ్రీ భాషలో అదే మాటను మనిషి లోతైన ఆలోచనలకు, మనస్సుకు కూడా వాడారు. 139వ కీర్తనలోనూ ఆ మాటే ఉంది. మన తెలుగు బైబిలులో అక్కడ "అంతరింద్రియములు" అని తర్జుమా చేశారు. చాలా సంవత్సరాలుగా ఆ కీర్తన పాడుతున్న మాలో కొందరికి కూడా అది కిడ్నీల మాట అని ఈమధ్యనే తెలిసింది.

సరే, నీరు తగ్గినప్పుడు ఏమవుతుంది? చెమట పోయి రక్తం నూటికి ఒకటి రెండు వంతులు చిక్కబడితే చాలు, మెదడు అడుగున ఉన్న ఒక చిన్న భాగం దాన్ని పసిగడుతుంది. అక్కడ తయారై, పీయూష గ్రంథి వెనుక భాగం నుండి ఒక హార్మోను రక్తంలోకి దిగుతుంది. దాని పేరు వాసోప్రెసిన్. పాఠ్యపుస్తకంలో యాంటీ డైయూరెటిక్ హార్మోను అని ఉంటుంది, రెండూ ఒకటే. అది కిడ్నీలోని చివరి గొట్టాలను చేరి, వాటి గోడల్లో నీటి ద్వారాలను తెరిపిస్తుంది. ఒంటేలుగా బయటికి పోవలసిన నీరు ఆ ద్వారాల గుండా మళ్లీ ఒంట్లోకి వస్తుంది. ఒంటేలు తగ్గుతుంది, రంగు ముదురుతుంది. అదే సమయంలో మనకు దాహం కూడా వేస్తుంది.

ఆ నీటి ద్వారాలను ఆక్వాపోరిన్లు అంటారు. వాటిని కనుగొన్నందుకు అమెరికా వైద్యుడు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. మాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏమంటే, మొక్కల వేళ్లలో కూడా ఇదే కుటుంబానికి చెందిన ద్వారాలున్నాయి. అరటిచెట్టు వేరులోనూ, దాన్ని నాటిన రైతు కిడ్నీలోనూ నీరు దాటే తలుపు ఒకే రకం అన్నమాట.

చెట్టు ఆకు తలుపులు మూసి నీరు దాచుకుంటుంది. కిడ్నీ లోపలి తలుపులు తెరిచి నీరు వెనక్కు తీసుకుంటుంది. పద్ధతి తిరగబడింది గాని, "నీరు తక్కువైంది, పొదుపు చెయ్యి" అనే కబురు ఒకటే. కిడ్నీ చేసే పొదుపుకూ ఒక హద్దుంది. రోజూ పోవలసిన యూరియా, లవణాలు బయటికి పోవాలంటే ఎంత చిక్కబరచినా సుమారు అర లీటరు ఒంటేలు తప్పదు. అంతకంటె తగ్గితే చెడు ఒంట్లో నిలిచిపోతుంది.

ఇంకో సంగతి. సారాయి, బ్రాంది వంటివి ఈ వాసోప్రెసిన్‌ను అణచివేస్తాయి. పగలంతా చెమటోడ్చి సాయంత్రం మందు తాగినవాడు పొదుపు కబురును తానే ఆపేసుకున్నట్టు. దాహం తీరినట్టు ఉంటుంది, ఒంట్లోని నీరు మాత్రం బయటికి పోతుంది. ఇది ప్రసంగం కాదు, శరీరశాస్త్రమే.

ఆ సోదరునికి ఏమైంది?

మేము అడగగా ఆయన చెప్పినది ఇది. పొద్దున ఆరున్నరకు ఇంట్లో రెండు గ్లాసుల నీళ్లు. తరువాత మధ్యాహ్నం సంగటి తినేటప్పుడే మళ్లీ నీళ్లు. మధ్యలో రెండు టీలు. పని మధ్యలో నీళ్ల కోసం వెళితే లోడు ఆగిపోతుందని వెళ్లడు. రెండో రోజుకు నడుమునొప్పి, ఒళ్లునొప్పులు. అంగట్లో నొప్పి మాత్రలు కొని పూటకొకటి వేసుకున్నాడు. మూడో రోజు తగ్గకపోతే ఊళ్లోనే ఒక నొప్పి ఇంజెక్షను వేయించుకున్నాడు. ఆ రాత్రి నుండి వాంతులు. మా దగ్గరకు వచ్చేసరికి రక్తంలో క్రియాటినిన్ 3 దాటింది. మగవారికి మామూలుగా అది 1కి అటూ ఇటూ ఉండాలి.

ఎండ ఒక్కటే అయితే ఆయన కిడ్నీలు బహుశా తట్టుకునేవి. అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు మన ఇళ్లలో ప్రతి వేసవిలో జరుగుతోంది.

ఒళ్లు ఆరిపోయినప్పుడు కిడ్నీలకు వచ్చే రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తన రక్షణ కోసం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. అవి వడపోతలోకి వచ్చే సన్నని రక్తనాళాన్ని తెరిచి పట్టుకుంటాయి. ఉన్న కాస్త రక్తమైనా లోపలికి రావాలని. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, అసెక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు నొప్పిని తగ్గించేదే ఈ ప్రోస్టాగ్లాండిన్లను ఆపి. నడుము దగ్గర ఆపుతాయి, నొప్పి తగ్గుతుంది. కిడ్నీలోనూ ఆపుతాయి, రక్తనాళం ముడుచుకుంటుంది, వడపోత పడిపోతుంది. నీళ్లు బాగా తాగి నీడలో ఉన్న ఆరోగ్యవంతునికి ఒకటి రెండు మాత్రలతో సాధారణంగా ఏమీ కాదు. నీళ్లు లేని ఒంటికి అవే మాత్రలు ప్రమాదం.

జ్వరానికీ మామూలు ఒళ్లునొప్పులకూ తగిన మోతాదులో పారాసిటమాల్ కిడ్నీల విషయంలో వీటికంటె మేలు. లివరు జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు మాత్రం అది కూడా అడిగే వేసుకోవాలి. బి.పి. మాత్రలు, ఒంటేలు ఎక్కువ పోయించే మాత్రలు వాడేవారు వాటితోపాటు నొప్పి మాత్రలు కలిపి మింగడం ఇంకా ప్రమాదం. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజున ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో మమ్మల్ని అడగండి.

ఒకసారి తగిలిన దెబ్బ త్వరగా పట్టుకుంటే చాలావరకు మానుతుంది. మళ్లీ మళ్లీ తగిలితే? ఇక్కడే చేను పోలిక మాకు గుర్తుకు వస్తుంది. ఒక పూట బెట్ట వేరు, నెల బెట్ట వేరు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ బతికే కుటుంబాల్లో షుగరూ బి.పి. లేనివారికి కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. అక్కడ 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దూరం నుండి మంచినీటిని తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలయింది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. సముద్రాల అవతల మధ్య అమెరికాలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ తీవ్రమైన ఎండలో చేసే బండచాకిరీ మీద గట్టి అనుమానం ఉంది. కోతల్లో పనివారికి నీరు, నీడ, విరామం ఏర్పాటు చేసిన చోట్ల కిడ్నీ దెబ్బలు తగ్గాయి. మంగంపేట ఉద్దానం కాదు. ఆ భయం పెట్టడం మా ఉద్దేశం కాదు. కాని నీరు, నీడ, విరామం అనే మూడింటి కోసం ఇక్కడ ఎవరూ పరిశోధన ఫలితం వచ్చేదాకా కాచుకోనక్కరలేదు.

మీరు అడిగే ప్రశ్నలు

ముగ్గురాయి పొడి లోపలికి పోతే కిడ్నీలో రాళ్లు అవుతాయా? ఓ.పి.లో ఈ ప్రశ్న వినని వారం లేదు. అవ్వవు. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు. అది నీటిలో దాదాపు కరగదు. అందుకే కడుపు ఎక్స్‌రే తీసేటప్పుడు దాన్నే పాలలా కలిపి రోగికి తాగిస్తారు, అది రక్తంలోకి పోకుండా మలంతో బయటికి వచ్చేస్తుంది. కిడ్నీరాళ్లు పుట్టేది చిక్కబడిన ఒంటేలులో, ఎక్కువగా కాల్షియం, ఆక్సలేటు కలిసి. అయితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు లేకుండా మిల్లులో నిలబడవద్దు.

కొండపిండి ఆకు కషాయం, అరటిదూట రసం తాగితే రాయి కరుగుతుందా? పెద్దలు చెప్పిన మందులను ఎగతాళి చేసే అలవాటు మాకు లేదు. కాని ఆ పేరుతో తాగే నీటి వల్ల వచ్చే మేలే ఎక్కువ అని మా అభిప్రాయం. రాయి ఒకసారి వచ్చినవారు రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా ఒంటేలు వచ్చేటట్టు నీళ్లు తాగాలి, ఊరగాయలు, ఉప్పు తగ్గించాలి. పాలు, మజ్జిగ మానవద్దు. కాల్షియం మానేస్తే రాయి రాదనుకోవడం పొరపాటు. క్రియాటినిన్ పెరిగినవారు మాత్రం ఈ రసాలు, కషాయాలు ముట్టుకోవద్దు.

మందు పెట్టి మాగబెట్టిన మామిడిపండ్లు కిడ్నీలను పాడు చేస్తాయా? ఇక్కడ రెండు వేర్వేరు మందులున్నాయి. కాయ తనకు తానుగా పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువును విడుస్తుంది. అది మొక్క సొంత హార్మోనే. ఒక పండు మాగితే పక్కనున్న కాయలు కూడా మాగడం, గడ్డిలో కప్పితే త్వరగా పండడం దాని వల్లనే. మాగబెట్టే గదుల్లో ఇథిలీన్ వాయువును పది లక్షల వంతుల గాలికి 100 వంతుల దాకా వాడుకోవడానికి మన దేశ ఆహార భద్రత సంస్థ 2016లో అనుమతించింది. దానితో కిడ్నీలకు భయం లేదు. కాల్షియం కార్బైడు వేరు. దాని నుండి వచ్చే ఎసిటిలీన్ వాయువు ఇథిలీన్‌లా నటిస్తుంది. సరుకు రకం కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండవచ్చు. పండ్లకు దాన్ని వాడడం నిషేధం. పండును బాగా కడిగి, తొక్క తీసి తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం మందు గురించి కంటె పండు గురించే ఎక్కువగా ఆలోచించాలి. ఎందుకో ఇప్పుడు చెబుతాము.

మా వైపు జరిగిన ఒక పొరపాటు

కొన్ని వేసవుల క్రితం మేము ఒక కరపత్రం పంచాము. నీళ్లు బాగా తాగండి, కొబ్బరినీళ్లు తాగండి, పండ్లు తినండి అని పెద్ద అక్షరాలతో. ఆదివారం ఆరాధన తరువాత అందరి చేతుల్లోనూ పెట్టాము. వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించుకునే ఒక తల్లి దాన్ని చదివింది. ఆసుపత్రివారే రాశారు గదా అని రెండు బోండాలు తాగి, అరటిపండ్లు తిని, చెంబులకొద్దీ నీళ్లు తాగింది. ఆయాసంతో, కాళ్లలో సత్తువ లేకుండా తెచ్చారు. సమయానికి తెచ్చారు గనుక దేవుని కృప వల్ల బతికింది. ఆ కరపత్రంలో "కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది వర్తించదు" అనే ఒక్క వాక్యం లేదు. ఆ తప్పు మాది.

అందుకని ఈసారి స్పష్టంగా రాస్తున్నాము. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, డయాలిసిస్‌లో ఉన్నవారికి పైన చెప్పిన నీళ్ల సలహా వర్తించదు. రోజుకు ఎన్ని నీళ్లో డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే తాగాలి. ఆ లెక్కలో టీ, మజ్జిగ, చారు, అంబలి అన్నీ కలుస్తాయి.

ఇప్పుడు పొటాషియం మాట. ఆకు తలుపు తెరవడానికీ మూయడానికీ చెట్టుకు కావలసినది అదే గదా. మన కండరాలు, గుండె కొట్టుకోవడం కూడా దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆరోగ్యమైన కిడ్నీ ఎక్కువైన పొటాషియంను ఒంటేలులో పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు. రక్తంలో అది బాగా పెరిగితే నొప్పి లేకుండానే గుండె ఆగిపోవచ్చు. వంద గ్రాముల అరటిపండులో దాదాపు 360 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, మామిడిలో అందులో సగం. కొబ్బరినీళ్లలో కూడా ఎక్కువే. అరటీ మామిడీ పండే కోడూరు సీమలో ఉంటూ వాటిని వదులుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. మామిడిపండు ఒక చిన్న ముక్క ఎప్పుడైనా తినవచ్చునా అని అడగండి, రక్తపరీక్ష చూసి చెబుతాము. దొంగతనంగా తినడం కంటె అడిగి తినడం మేలు. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం చాలావరకు తగ్గుతుంది.

కిడ్నీ హార్మోన్ల మాట వినేదే కాదు, తాను కూడా హార్మోన్లు తయారు చేస్తుంది. అందులో ఒకటి ఎముక మజ్జకు "రక్తకణాలు తయారు చెయ్యి" అని చెప్పేది, ఎరిత్రోపాయిటిన్. కిడ్నీ చెడితే అది తగ్గి రక్తహీనత వస్తుంది. రక్తం తక్కువని నెలల తరబడి టానిక్కులు తాగి, తగ్గక, ఆఖరికి మా దగ్గరకు వచ్చి కిడ్నీ జబ్బు బయటపడినవారు ఉన్నారు. టానిక్కుకు లొంగని నీరసం ఉంటే ఒకసారి క్రియాటినిన్ చూపించుకోండి. షుగరు, బి.పి. ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్‌తోపాటు ఒంటేలులో అల్బుమిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఎందుకంటే కిడ్నీల పని దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనబడవచ్చు.

పనికి వెళ్లేవారికి

కిడ్నీ, గుండె జబ్బులు లేనివారు ఎండలో బరువు పని చేసేటప్పుడు 15–20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. దాహం వేసేదాకా ఆగవద్దు, దాహం వేసేసరికి పొదుపు కబురు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. చెమట ఎక్కువగా కారే రోజు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, లేదా అంబలి మంచిది. వాంతులు విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి తాగండి. ఒంటేలు లేత నిమ్మరసం రంగులో ఉంటే సరిపోయినట్టు. డికాషన్ రంగుకు వస్తే పని ఆపి నీడకు రండి.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మరుగుదొడ్డి లేని చోట పనికి వెళ్లే అక్కలు, అమ్మలు ఒంటేలుకు పోవలసి వస్తుందని పగలంతా నీళ్లే తాగరు. ఇది వారి నిర్లక్ష్యం కాదు. పని ఇచ్చేవారు ఒక మరుగు, ఒక నీళ్ల డ్రమ్ము ఏర్పాటు చేయకపోవడం. మన సంఘాల్లో మేస్త్రీలు, తోటల యజమానులు, మిల్లు గుమాస్తాలు కూడా ఉన్నారు. వారిని ఈ పేరా రెండుసార్లు చదవమని కోరుతున్నాము.

ఆ సోదరుడు నాలుగో రోజు నుండి బాగా ఒంటేలు పోశాడు. డయాలిసిస్ అవసరం రాలేదు. రెండు వారాల తరువాత వచ్చినప్పుడు క్రియాటినిన్ 1.2కు దిగింది. మూడు నెలలకు మళ్లీ చూడాలి. నొప్పి మాత్రల అట్ట ఒకటి జేబులో మిగిలి ఉంటే తీసి మా బల్ల మీద పెట్టాడు. మిల్లుకు ఇప్పుడు ఐదు లీటర్ల క్యాను తీసుకుపోతున్నానని, దాంట్లో సగం తోటివాళ్లే తాగేస్తున్నారని చెప్పాడు. కూతురు కూడా వెంట వచ్చింది. పరీక్షలో నెఫ్రాను బొమ్మ అడిగారట, బాగా గీసిందట. మొక్కల హార్మోన్ల ప్రశ్న మాత్రం రాలేదని కాస్త చిన్నబుచ్చుకుంది.